నాలుగేళ్ళ తర్వాత నాలుగు గిన్నెల క్యారేజీ: అంతా బాగుంది, ఆ క్లిప్పు తప్ప

ఈ క్యారేజీ తయారుచేసినవాళ్ళు దాన్ని ఒక్కసారైనా స్కూటీ కొక్కేనికి తగిలించుకుని చేపల బజారుకు వెళ్ళి ఉంటే, క్లిప్పు అలా పెట్టేవాళ్ళు కాదు. గిన్నెల గురించి నాకు పెద్ద ఫిర్యాదు లేదు. నా కోపమంతా పక్కనుండే ఆ రెండు క్లిప్పుల మీద, అందులోనూ ఎడమవైపుదాని మీద.

స్టీలు క్యారేజీ ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. చాలా ఇళ్ళలో ఒకటి అటక మీద ఉంటుంది. మా ఇంట్లో మాత్రం గుమ్మం పక్క మేకుకు, స్కూటీ తాళం పక్కనే వేలాడుతుంది. వారంలో నాలుగైదు రోజులు బజారుకు వెళ్ళొస్తుంది.

మాది పర్లాకిమిడి. జిల్లా గజపతి, రాష్ట్రం ఒడిశా, ఇంట్లో తెలుగు, వీధిలో రెండూ. దీన్ని 2021 శ్రావణంలో పాతపట్నంలో కొన్నాం. నీలమణి దుర్గమ్మ దర్శనానికి వెళ్ళి, వస్తూ వస్తూ స్టీలు సామాన్ల కొట్లోకి దూరడం మా అత్తయ్యకు అలవాటు. ఆ రోజు ఆవిడ చూసింది ఇడ్లీ రేకులు. నేను చూసింది ఇది.

ఎందుకు కొన్నానంటే, మా వంటింటి తలుపు వెనక కవర్లు దాచే కవరొకటి ఉండేది. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. ఆ ఎండాకాలం అది మేకుతో సహా ఊడి పడింది. కిరాణా కవర్లు, పళ్ళ కవర్లు, స్వీటు షాపువి, కడిగి ఆరబెట్టిన చేపల కవర్లు కూడా. నేల మీద పరుచుకుంటే వంటింట్లో నడవడానికి చోటు లేదు. "పనికొస్తాయమ్మా" అంటూ అత్తయ్య మళ్ళీ మడతలు పెట్టడం మొదలుపెట్టింది. పన్నెండేళ్ళుగా ఎందుకూ పనికిరాలేదని నేనన్నాను. ఒక్కసారే అన్నీ మానేద్దామంటే మా ఇంట్లో ఎవరూ వినరు కాబట్టి, ముందు టిఫిన్, చేపలు, కోడి, ఈ మూడింటికీ కవరు వద్దనుకున్నాం. మిగతావి తర్వాత చూసుకోవచ్చని.

అప్పుడే రూల్స్ కూడా మారుతున్నాయి. ఆ ఏడాది సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లకన్నా పలచని క్యారీ బ్యాగులు కూడదన్నారు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు ఆపేశారు. ఆ డిసెంబరు 31 నుంచి క్యారీ బ్యాగు కనీసం 120 మైక్రాన్లు ఉండాలన్నారు. చేపల దగ్గర ఇచ్చే తెల్ల కవరుకు ఈ లెక్కలేవీ తెలియవు, ఇప్పటికీ దొరుకుతూనే ఉంది. కొన్ని కొట్లలో దాని బదులు గుడ్డలా కనిపించే రంగు సంచి ఇస్తున్నారు. చాలాకాలం నేనూ అది గుడ్డే అనుకున్నాను. అది నాన్-వోవెన్ సంచి, అదీ పాలీప్రొపిలీనే, అంటే ప్లాస్టిక్కే. నాలుగు ఉతుకులకు పొడిపొడిగా రాలింది.

క్యారేజీతో మొదటి ఆర్నెల్లు నేను దాని ప్రచారకర్తను. టిఫిన్ బండి ఆయన మొదటిరోజు వింతగా చూశాడు. వారం తిరిగేసరికి నా గిన్నె కనబడితే చాలు, లైన్లో వెనకున్నా ముందు నాకే పోసేవాడు. వేడి సాంబారును కవర్లో పోసి, గాలి నిలిపి దారం చుట్టడం ఎంత విసుగో ఆయనకే తెలుసు. కవరు ఖర్చు మిగిలిందనో ఏమో, చట్నీ ఒక గరిటె ఎక్కువే పడేది. ఇది మాత్రం నేను ఊహించని లాభం, ఇప్పటికీ పడుతోంది. పిల్లలకు బరా (ఒడియావాళ్ళ మినప గారె), ఘుగుని (బఠాణీల కూర) తేవాలన్నా ఇదే గిన్నె.

తూకం దగ్గర కొంచెం తంటా. కోడి కొట్టు ఆయనది ఎలక్ట్రానిక్ కాటా, ఖాళీ గిన్నె పెట్టి టేర్ నొక్కితే సున్నా చూపిస్తుంది, అయిపోయింది. సంతలో చేపలమ్మే అమ్మది తక్కెడ. "ఏటమ్మా, గిన్నెక్కూడా డబ్బులిస్తావేటి?" అని మొదటిరోజు అందరి ముందూ నవ్వింది. ముందు తక్కెడలో తూచి తర్వాత గిన్నెలో వెయ్యమంటే సరిపోయేదే, నాకు అప్పుడు తట్టలేదు. ఇంటికొచ్చి నాలుగు గిన్నెలూ విడివిడిగా తూచి, అడుగున మేకుతో బరువు గీకాను. అన్నిటికన్నా కిందది 238 గ్రాములు. ఆ అంకె ఇప్పటికీ చెరగలేదు. చేపలమ్మకు చదువు రాదు, నేను చెప్పిందే నమ్ముతుంది. నేను కూడా సరిగ్గానే చెప్తాను.

అసలు గొడవ ఇంట్లో వచ్చింది. నీసు తెచ్చిన గిన్నెలో ప్రసాదం ఎలా తెస్తావని అత్తయ్య. న్యాయమే. కింది రెండు గిన్నెలకూ అంచు దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను. చుక్కవి నీసువి, చుక్క లేనివి టిఫిన్‌కి, పెరుగుకి. గుడికి మాత్రం ఆవిడ తన ఇత్తడి డబ్బానే పట్టుకెళ్తుంది, ఇప్పటికీ.

ఇక క్లిప్పు సంగతి. ఈ క్యారేజీలో పైన ఒక్క గిన్నెకే మూత. మిగతా మూడింటికీ పై గిన్నె అడుగే మూత. రబ్బరు వాషరు లాంటిదేమీ లేదు. రెండువైపులా క్లిప్పులు గట్టిగా నొక్కి పట్టుకుంటేనే గిన్నెలు ఒకదానిలో ఒకటి బిగుసుకుని ఉంటాయి. ఒక్క క్లిప్పు వదులైతే దొంతరంతా పక్కకు ఒరుగుతుంది. కాబట్టి నేను అప్పట్లో అందరికీ చెప్పిన "చుక్క కూడా కారదు" అన్న మాట, క్లిప్పు కొత్తగా ఉన్నప్పటి మాట. చట్నీకి, ఇడ్లీకి ఇప్పటికీ నిజమే. సాంబారుకు నిజం కాదు. గిన్నెలో ముప్పావుకి మించి పోయిస్తే స్కూటీ మీద తప్పకుండా చిమ్ముతుంది. ఇది నేను మొదట్లోనే చెప్పాల్సింది. నా మాట విని మా వీధిలో నలుగురు కొన్నారు. అందులో ఒకావిడ ఇప్పుడు దాన్ని పోపు సామాను పెట్టుకోవడానికి వాడుతోంది.

2023లో ఛాడఖాయి రోజు జరిగింది ఇది. తెలియనివాళ్ళకు చెప్తాను. ఒడియావాళ్ళకు కార్తీకం పున్నమితో అయిపోతుంది. చాలామంది నెలంతా, కనీసం చివరి అయిదు రోజుల పంచుకలోనైనా, నీసు ముట్టరు. మర్నాడే ఛాడఖాయి. ఆ పొద్దున మాంసం కొట్ల దగ్గర జనం చూడాలి. మన లెక్క వేరు. మనకు కార్తీకం దీపావళి వెళ్ళాక మొదలవుతుంది, పున్నమికి సగమే అవుతుంది. అమావాస్య దాటి పోలి స్వర్గం దీపాలు వదిలేదాకా అత్తయ్య ఉల్లిపాయ కూడా ముట్టదు. పిల్లలేమో ఒడియా బళ్ళో చదువుతారు. స్నేహితులందరి ఇళ్ళలో మటన్ అంటే వాళ్ళు ఊరుకుంటారా? ఏటా ఆ పొద్దున మా ఇంట్లో టెన్షనే. "మనకింకా పదిహేను రోజులుంది" అని ఆవిడ, "మనం ఉంటున్నది ఎక్కడ" అని మా ఆయన. ఆ ఏడాది పిల్లలే గెలిచారు. వేరే పొయ్యి మీద, పెరట్లో వండాలన్న షరతు మీద.

గంటన్నర లైన్లో నిలబడ్డాను. కిలో మటన్ అడుగు గిన్నెలో, దాని పైన అరకిలో రొయ్యలు. మూడోదాంట్లో, పిల్లలు ఇంటికెళ్ళాక ఆగరని, ఘుగుని. నాలుగోది ఖాళీ. కొక్కేనికి తగిలించాను. ఎడమ క్లిప్పు ఎప్పట్లా "టక్" మనలేదు, కొంచెం మెత్తగా పడింది. అది గమనించాను, గమనించి కూడా బండి స్టార్ట్ చేశాను.

బజారు దాటాక స్పీడు బ్రేకరు. పెద్దది కూడా కాదు. ఏదో తెగిన చప్పుడు, మోకాలికి వేడిగా ఏదో తగిలింది. ఘుగుని. చీర మీద నుంచి చెప్పులోకి. నేను కాలు దులుపుకునేలోపు అడుగు గిన్నె దొర్లుకుంటూ రోడ్డు మధ్యకు వెళ్ళింది, మటన్ బయటికొచ్చింది. రొయ్యల గిన్నె ఎలాగో ఫుట్‌బోర్డు మీదే బోర్లా పడింది, సగం మిగిలాయి. మటన్ మీదకు మూడు కుక్కలు వచ్చాయి. నేను "హే" అన్నాను కానీ దగ్గరకు వెళ్ళే ధైర్యం లేదు. వెనకాల వస్తున్న ఒక పెద్దాయన బండి ఆపి, గిన్నె తెచ్చి ఇచ్చి, తెలుగులోనే, "కుక్కలక్కూడా ఛాడఖాయే కదమ్మా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంట్లో అత్తయ్య అంతా విని, ఒక్క మాటే అంది. "పదిహేను రోజులుందని చెప్పానా?" ఆవిడ దృష్టిలో తెగింది క్లిప్పు కాదు. ఇప్పటికీ ఆ వాదన నడుస్తూనే ఉంది.

చూస్తే క్లిప్పు వంగలేదు, విరగలేదు. దాన్ని పక్క పట్టీకి కలిపే చిన్న రివిట్ తుప్పు తిని ఊడిపోయింది. మా వాడు ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి పెట్టి చూశాడు. గిన్నెలకు అంటుకోలేదు, క్లిప్పుకు, పట్టీకి గట్టిగా అంటుకుంది. అంటే రెండూ ఒకే స్టీలు కాదు. అంటుకోనంత మాత్రాన గిన్నెలది మేలురకమని కూడా చెప్పలేం, చవక రకాల్లో కూడా అయస్కాంతం పట్టనివి ఉన్నాయి. ఏదైతేనేం, గిన్నెలకు నాలుగేళ్ళలో మచ్చ రాలేదు, పట్టీకి రెండేళ్ళకే తుప్పొచ్చింది. రోజూ తడిసేది, చేప నీళ్ళు కారేది, చింతపండు పులుసు తగిలేది ఆ పట్టీకే. అక్కడే నాసి సరుకు పెట్టారు.

కొన్న కొట్టుకు పట్టుకెళ్తే, వాళ్ళు క్యారేజీని సరిగా చూడకుండానే, "కొత్తది తీసుకోండమ్మా, పాతది తూకానికి ఇచ్చేయండి" అన్నారు. వాడి పారేసే అలవాటు తగ్గిద్దామని కొన్న వస్తువుకు వచ్చిన సలహా ఇది. చివరికి గ్యాస్ పొయ్యిలు బాగుచేసే ఆయన, పాత రివిట్ తొలిచేసి ఇత్తడిది కొట్టాడు. ముప్పై రూపాయలు. పదినిమిషాల పని. అడగకుండానే ఆయన ఇంకో పని చేశాడు. పాత సైకిల్ ట్యూబు నుంచి రెండు వేళ్ళ వెడల్పు రింగు కోసి దొంతర చుట్టూ తొడిగాడు. అంత మంచి సీలు కొత్తదానికి కూడా లేదు. చూడ్డానికి బాగుండదు, మా అమ్మాయి స్నేహితుల ముందు దాన్ని పట్టుకోనంటుంది. నాకు మాత్రం అప్పట్నుంచి చుక్క కారలేదు. సరే, సాంబారు ఇప్పటికీ ముప్పావే పోయిస్తున్నాను.

క్యారేజీ తర్వాత మిగతా మార్పులు ఒక్కొక్కటిగా వచ్చాయి, అన్నీ నిలవలేదు. మా ఆయన పాత లుంగీలతో పప్పుల సంచులు కుట్టాను, అవి నిలిచాయి. షాంపూ బదులు కుంకుడుకాయ మూడు ఆదివారాలు నడిచింది, పిల్లల కళ్ళు మండి ఆగిపోయింది. మావయ్యగారి ఆబ్దికానికి అడ్డాకుల విస్తళ్ళు వాడాం. అదేం కొత్త కాదు, మధ్యలో పదేళ్ళు థర్మకోల్ ప్లేట్లకు మారి మళ్ళీ వెనక్కి వచ్చామంతే. సంతలో విస్తళ్ళ కట్టలు ఇప్పటికీ దొరుకుతాయి. పాల ప్యాకెట్లకు మాత్రం మాకు దారి దొరకలేదు. కడిగి, ఆరబెట్టి, పాత సామాను కొనేవాడికి వేస్తున్నాం.

ఒక చిక్కు అసలు అనుకోలేదు. కవర్లు ఇంటికి రావడం తగ్గాక చెత్తబుట్టలో వెయ్యడానికి కవరు లేకుండా పోయింది. మొదటి నెల నేను చెత్తకోసం కవర్లు కొన్నాను. అవును, కొన్నాను. తర్వాత బుట్ట అడుగున న్యూస్‌పేపరు రెండు మడతలు వేసి, తడి చెత్త విడిగా పెట్టడం అలవాటు చేసుకున్నాం. వానాకాలంలో ఆ పేపరు ముద్దవుతుంది, బుట్ట రోజూ కడగాలి. ఆ కడిగే పని ఎవరిదన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.

ఇంతకీ కొనొచ్చా అంటే, మాకు బజారు దగ్గర, టిఫిన్ ఆయన మంచివాడు, ఉద్యోగానికి పరిగెత్తే హడావిడి నాకు లేదు. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, వస్తూ దారిలో కూర కొనుక్కునేవాళ్ళకు రోజంతా ఖాళీ క్యారేజీ మోయడం కుదరదు. వాళ్ళకు ఒక గట్టి మూత డబ్బా చాలు. కొనేవాళ్ళు గిన్నెల మెరుపు చూడకండి, అయస్కాంతం పట్టుకెళ్ళి క్లిప్పుకు పెట్టి చూడండి, దాన్ని ఇరవైసార్లు తీసి పెట్టి చూడండి. కొట్టువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. రివిట్ కనబడేది తీసుకుంటే మేలు, అది ఊడితే మళ్ళీ కొట్టించుకోవచ్చు. అతికించినదైతే అంత తేలిక కాదన్నాడు పొయ్యిల ఆయన.

నా ఎడమ క్లిప్పు ఈమధ్య మళ్ళీ "టక్" మనడం లేదు. ట్యూబు ఉంది కాబట్టి నడుస్తోంది. దసరా లోపు ఆయన దగ్గరకు తీసుకెళ్ళాలి, ఛాడఖాయి దాకా ఆగకుండా.