గానుగ నూనె వర్సెస్ రిఫైన్డ్: రంగు ఎక్కడికి పోతుంది?
గానుగ నూనెకి వేడి తక్కువ, వడపోత తప్ప పెద్దగా ఏం చెయ్యరు, అందుకే గింజలోని కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల (కెరోటిన్ వాటిలో ఒకటి) పసుపు, క్లోరోఫిల్ ఉంటే ఆ ఆకుపచ్చదనం చాలావరకు అలాగే దిగిపోతాయి. రిఫైన్డ్‌లో బ్లీచింగ్ ఉంటుంది, బట్టలకేసే బ్లీచ్ కాదులెండి, ఒకరకం మట్టి కలిపి సుమారు 100 డిగ్రీల దగ్గర తిప్పితే రంగు దానికి అంటుకుపోతుంది, తర్వాత వాసన తీయడానికి వాక్యూమ్‌లో 200 డిగ్రీలు దాటించి ఆవిరి పంపుతారు, అక్కడ మిగిలిన కెరోటిన్ కూడా విరిగిపోతుంది. ఎర్రటి ముడి పామాయిల్ లేత పసుపయ్యేది ఇలాగే. ఒంట్లో విటమిన్ ఎ గా మారే బీటా కెరోటిన్ పోవడం నష్టమే. క్లోరోఫిల్ పోవడం మాత్రం లాభమే అంటాను, వెలుతురు తగిలితే నూనెని తొందరగా పాడుచేసేది అదే మరి. సో ఆకుపచ్చగా ఉన్న గానుగ నూనె కొంటే ముదురు రంగు సీసాలో పోసి చీకట్లో పెట్టండి.