జపాన్ తవ్వి చూపించేదీ, తవ్వనివ్వనిదీ

క్యోటో గుళ్లు, టోక్యో వీధుల గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. మేము ఈసారి వాటిని పక్కన పెట్టి తవ్వకాల చోట్ల వెంట తిరిగాం. తమ పూర్వీకులు ఎవరని జపాన్ ప్రజలు చెప్పుకోదలిచారో అక్కడ తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియదు.

మొదట క్యూషూ దీవిలోని యోషినొగారి, సుమారు రెండు వేల ఏళ్ల నాటి ఊరు. ఫుకువోకా నగరంలోని హకాటాలో బస చేస్తే ఉదయం రైల్లో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. స్టేషన్ నుంచి పావుగంట నడక. పారిశ్రామిక వాడ కట్టబోతూ 1986లో ఇక్కడ తవ్వడం మొదలుపెట్టారు. కందకాలు, కావలి మంచెల ఆనవాళ్లు దొరికాయని 1989లో పత్రికల్లో రాగానే జనం విరగబడ్డారు, పారిశ్రామిక వాడ ఆగిపోయింది. చైనా చరిత్ర గ్రంథం చెప్పిన మూడో శతాబ్దపు రాణి హిమికో రాజధాని ఇదేనేమోనన్న ఆశే అందుకు కారణం. ఆ రాజ్యం క్యూషూలో ఉందా, పాత రాజధాని నారా వైపు ఉందా అన్న తగువు నేటికీ తెగలేదు. 2023లో ఇక్కడే ఒక రాతి శవపేటిక మూత తీస్తుంటే దేశమంతా ఎదురుచూసింది. ఎర్ర రంగు జాడ తప్ప ఎముకలు గానీ వస్తువులు గానీ దొరకలేదు.

తిరిగి కట్టిన మంచెలు, గుడిసెలు సినిమా సెట్టింగులా మరీ నున్నగా ఉన్నాయి. పిల్లలకు బాగుంటుంది. నేనైతే ఉత్తరం వైపు సమాధి దిబ్బకే ముందు వెళ్లమంటాను. అసలు మట్టి కుండ శవపేటికలను దొరికిన చోటే అద్దాల వెనక ఉంచారు. శాకాహారులు భోజనం వెంట తీసుకెళ్లడం మంచిది. సోయా ముద్దతో చేసే మిసో పులుసులో కూడా మామూలుగా చేప రసమే.

తర్వాత ఒసాకా పక్కనున్న సకాయ్. పైనుంచి చూస్తే తాళపు రంధ్రంలా ఉండే, 486 మీటర్ల పొడవైన దైసెన్ సమాధి దిబ్బ ఇక్కడే ఉంది. 2019లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన 49 దిబ్బల్లో ఇదే పెద్దది. కానీ చూడటానికి ఏముంది? కందకం, కంచె, పరచిన గులకరాళ్లు, ఒక తోరణం, ఆ వెనక అడవి. ఇది ప్రాచీన చక్రవర్తి నింతొకు సమాధి అని ప్రభుత్వ రాజప్రాసాద వ్యవహారాల సంస్థ అంటుంది. రాజవంశ పూర్వీకుల ప్రశాంతతకు భంగం కలగకూడదని లోపలికి ఎవరినీ పోనివ్వదు. సమాధి నిజంగా ఆయనదేనా అని చాలామంది పండితులకు సందేహం. తవ్వితే కదా తేలేది! 2018లో రాజప్రాసాద సంస్థ నగరపాలక సంస్థతో కలిసి కందకం గట్టు మీద కొద్దిపాటి తవ్వకం జరిపింది, అదే గొప్ప వార్త అయింది.

నగర కార్యాలయ భవనం 21వ అంతస్తు నుంచి ఉచితంగా చూడవచ్చు. అయినా ప్రసిద్ధమైన ఆ తాళపు రంధ్రం ఆకారం అక్కడి నుంచి కూడా కనిపించదు, చెట్ల గుట్టే కనిపిస్తుంది. సమాధి కనిపించే గది అని రెట్టింపు అద్దె తీసుకున్న ఒక హోటల్లో మాకు కార్ల పార్కింగే దర్శనమిచ్చింది. ప్రవేశ ద్వారం దగ్గర ఉచితంగా వివరాలు చెప్పే పెద్దలు మాత్రం ఎంతో ఓపికగా మాట్లాడారు. రాజవంశం సంగతి అడిగితే చిరునవ్వుతో మాట మార్చారు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బడిలో, క్రీ.పూ. 660లో సూర్యదేవత సంతతి అని పురాణాలు చెప్పే జిమ్ము చక్రవర్తి దేశాన్ని స్థాపించాడని చరిత్రగానే నేర్పేవారు. ఓటమి తర్వాత 1947లో షిజువోకాలోని తోరోలో పురాతన వరి పొలాలను పద్ధతిగా తవ్వడం మొదలుపెట్టారు. దైవ సంతతి రాజుల స్థానంలో మామూలు రైతులు పూర్వీకులై వచ్చారు. ఆకలితో ఉన్న జనానికి ఆ మడులు ఎంత ధైర్యం ఇచ్చి ఉంటాయో!

చివరగా, నాకు అన్నిటికన్నా నచ్చినది ఈశాన్య జపాన్‌లో అవొమోరిలోని సన్నాయ్ మరుయామ. వరి సాగు రాకముందు, సుమారు 5,900 నుంచి 4,200 ఏళ్ల కిందట, జోమోన్ ప్రజలు స్థిరపడిన పెద్ద ఊరు. బేస్‌బాల్ మైదానం కోసం 1992లో తవ్వితే బయటపడింది. దాదాపు మీటరు మందం ఉన్న ఆరు చెస్ట్‌నట్ చెట్టు స్తంభాల మొదళ్లు దొరికాక 1994లో మైదానం పని ఆపేశారు. ఆ స్తంభాల మీద పైకప్పు ఉండేదా లేదా తేలక, ఏ పక్షమూ నొచ్చుకోకుండా కప్పు లేని ఎత్తైన కట్టడం నిలబెట్టారు. ఆ రాజీ నాకు నవ్వు తెప్పించింది, నచ్చింది కూడా.

ఎప్పుడూ వెనకబడిన ప్రాంతంగా చూసే ఈశాన్యానికి ఈ ఊరు గర్వకారణం. పాతదనం మీద ఆ మోజుకు ఇంకో ముఖమూ ఉంది. ఇదే ప్రాంతంలోని మియాగిలో ఒక ఔత్సాహిక పరిశోధకుడు రాతి పనిముట్లు తానే పాతిపెట్టి లక్షల ఏళ్ల నాటివని చూపించాడు. 2000లో ఒక పత్రిక రహస్యంగా ఫొటోలు తీసి బయటపెట్టేదాకా నమ్మారు, పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కించారు.

షిన్-అవొమోరి స్టేషన్ నుంచి బస్సు ఉంది. మంచు విపరీతం కాబట్టి మే నుంచి అక్టోబరు మధ్య వెళ్లండి. ఉచిత మార్గదర్శకులతో ఒకసారి తిరిగి, తర్వాత ఒంటరిగా మరోసారి తిరగండి. ఒక్కచోటికే సమయం ఉంటే సకాయ్ వదిలేసి ఇక్కడికే రండి.