గంజాయి మాన్పించే ప్రైవేట్ సెంటర్‌కి 5కి 1, జిల్లా సర్కారు ఓపీకి 5కి 4: మా ఇంటి రివ్యూ

సిటీ శివార్లలో మా తమ్ముడిని పెట్టిన ఒక ప్రైవేట్ డీఅడిక్షన్ సెంటర్ గురించి, ఆ తర్వాత మేం తిరుగుతున్న జిల్లా ఆస్పత్రి సైకియాట్రీ ఓపీ గురించి రాస్తున్నా. సెంటర్ పేరు పెట్టట్లేదు, కంప్లైంట్ ఇచ్చాం, ఆ కంప్లైంట్ సంగతి ఇంకా నడుస్తుంది. పేరు లేకపోయినా లోపల ఏం జరుగుద్దో చట్టం ఏమంటదో తెలిస్తే మీ దగ్గర్లో ఉన్న ఏ సెంటర్ ఎట్లాంటిదో మీరే పోల్చుకోవచ్చు.

తమ్ముడు డిగ్రీలో గంజాయికి అలవాటు పడ్డాడు, తర్వాత నిద్ర పట్టట్లేదని ఎవడో ఇచ్చిన అల్ప్రాజోలం గోలీలు కూడా మొదలుపెట్టాడు. బాపు ఎక్కడో నంబర్ చూసి ఫోన్ చేస్తే వాళ్ళు "మూడు నెలల ప్యాకేజీ సార్, పికప్ మేమే చేసుకుంటాం, మూడు నెలలు మీరు మొహం చూపించకండి, మనిషిని మార్చి పంపిస్తాం" అన్నారట. రాత్రి పూట వ్యాన్‌లో నలుగురు వచ్చారు, పడుకున్నోడిని లేపి టవల్‌తో చేతులు కట్టి తీసుకెళ్ళారు, బాపుతో తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నేను అత్తగారింట్లో ఉన్నా, నాకు తెల్లారాక తెలిసింది.

లోపల సంగతి తమ్ముడు బయటికొచ్చాక చెప్పిందీ, నేను వెళ్ళినప్పుడు కళ్ళతో చూసిందీ రాస్తున్నా. ఒకటే పెద్ద హాలు, గ్రిల్ తలుపుకి బయట నుంచి తాళం, కిందనే పరుపులు, పాత పేషెంట్లని సీనియర్లు అని పెట్టి వాళ్ళతోనే కొత్తోళ్ళని కొట్టించడం. ఇంటికి పోతానని గొడవ చేసిన ఒక పిల్లోడి కాలికి గొలుసు వేసి కిటికీ ఊచకి కట్టారు, ఆ చీలమండ దగ్గర చర్మం లేచిపోయి పసుపు రాసి ఉంది, అది నేనే చూశాను, ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఫోన్ ఆదివారం ఒక్కసారి, అదీ స్పీకర్ ఆన్ చేసి స్టాఫ్ పక్కన నిలబడితేనే, వాడు "బానే ఉన్నా అక్కా" అంటే ఆ గొంతులోనే ఏదో తేడా ఉందనిపించింది. ఆ తర్వాత వంటామె చాటుగా తన ఫోన్ ఇస్తే అసలు విషయం చెప్పాడు. ఇచ్చిన ఆ 1 స్టార్ ఆమెకే. ఇప్పుడామె అక్కడ పని మానేసింది కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

అన్నిటికంటే భయపడాల్సింది మందుల దగ్గర. డాక్టర్ అనే మనిషి తమ్ముడికి ఒక్కసారి కూడా కనపడలేదు. ఉన్న గోలీలు ఒక్కసారిగా ఆపేశారు, వాడికి ఫిట్స్ వచ్చాయి, దాన్ని నాటకం అన్నారు. అల్ప్రాజోలం లాంటివి చాన్నాళ్ళు వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి కూడా వస్తుంది, డాక్టర్ చూస్తూ కొంచెం కొంచెంగా తగ్గించాలి. మన తెలంగాణలో ఇది కొత్త సంగతి కూడా కాదు, కల్తీ కల్లులో కలిపే వాటిలో ఈ మందు ఒకటి, 2015లో కల్తీ కల్లు ఆగినప్పుడు నిజామాబాద్ వైపు వణుకుతూ పిచ్చి చూపులు చూస్తూ ఎంతమంది ఆస్పత్రులకి వచ్చారో గుర్తుండే ఉంటుంది. అది తెలియనోడు డీఅడిక్షన్ సెంటర్ ఎట్లా నడుపుతాడు?

నేను వెళ్ళి లైసెన్స్ చూపించండి అంటే ఫ్రేమ్ కట్టించిన ఒక సర్టిఫికెట్ చూపించారు, చదివితే అది సొసైటీ రిజిస్ట్రేషన్, అంటే ఒక సంఘం పెట్టుకున్నట్టు కాగితం, ట్రీట్‌మెంట్‌కి లైసెన్స్ కాదు. మెంటల్ హెల్త్ కేర్ యాక్ట్ 2017 ప్రకారం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా మానసిక అనారోగ్యం కిందికే వస్తాయి, వాటికి మనుషుల్ని చేర్చుకుని ట్రీట్‌మెంట్ ఇచ్చే చోటు స్టేట్ మెంటల్ హెల్త్ అథారిటీ దగ్గర రిజిస్టర్ అయ్యుండాలి, లేకుండా నడిపితే మొదటిసారి 5,000 నుంచి 50,000 దాకా జరిమానా. గొలుసుతో కట్టడం ఏ రకంగానూ కుదరదని సెక్షన్ 95లో రాసే ఉంది. ఫోన్ మాట్లాడుకునే హక్కు, చూడటానికి వచ్చినోళ్ళని కలిసే హక్కు సెక్షన్ 26లో ఉంది. తనంతట తాను చేరిన 18 ఏళ్ళు నిండిన మనిషి పోతానంటే పంపించాలి, డాక్టర్‌కి గట్టి అనుమానం ఉంటే పరీక్ష కోసం 24 గంటలు ఆపొచ్చు అంతే. మనిషి ఒప్పుకోకుండా చేర్చాలంటే ఇద్దరు విడివిడిగా పరీక్ష చేయాలి, అందులో ఒకరు సైకియాట్రిస్ట్ అయ్యుండాలి, అదీ మొదట 30 రోజుల వరకే, పైగా ఈ చట్టం కిందే ఉండే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి తెలియజేయాలి. తండ్రి తెల్ల కాగితం మీద సంతకం పెట్టినంత మాత్రాన మూడు నెలలు తాళం వేసే అధికారం ఎవరికీ రాదు.

ఇదంతా చెప్తుంటే ఓనర్ బెదిరింపు మొదలుపెట్టాడు, "బయటికి తీస్కపోతే పోలీసోళ్ళకి చెప్తా, ఎన్‌డీపీఎస్ కేసు అయితది, మా దగ్గర ఉన్నన్నాళ్ళే సేఫ్" అని. చాలా ఇళ్ళల్లో నోరు మూయించేది ఈ మాటే. అందుకే కొంచెం వివరంగా రాస్తా. ఎన్‌డీపీఎస్ అంటే గంజాయి లాంటి మత్తు పదార్థాల మీద ఉన్న చట్టం, 1985లో వచ్చింది. గంజాయి తాగినందుకు సెక్షన్ 27 కింద 6 నెలల వరకు జైలు లేదా 10,000 వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు, అది నిజమే. కానీ అదే చట్టంలో 64ఏ అని ఉంది, అలవాటు పడిన మనిషి సెక్షన్ 27 కేసులో గానీ చిన్న మోతాదు కేసులో గానీ ఉంటే, గంజాయికైతే 1 కిలో వరకు చిన్న మోతాదే, తనే ముందుకొచ్చి ట్రీట్‌మెంట్ తీసుకుంటే ఆ కేసులో ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. అసలు మెలిక ఏంటంటే ఆ ట్రీట్‌మెంట్ సర్కారు నడిపే ఆస్పత్రిలోనో, సర్కారు గుర్తించిన చోటో జరగాలి. అంటే సేఫ్ అని ఆయన చెప్పిన ఆ సెంటర్‌లో ఎన్ని నెలలున్నా 64ఏ కింద పనికి రాదు, మా జిల్లా ఆస్పత్రి ఓపీ చీటీ పనికొస్తుంది!

డ్రగ్స్ మీద అంత కఠినంగా ఉంటే తప్ప దేశం బాగుపడదు, వీళ్ళకి హక్కులేంటి అని మా చుట్టాలే అన్నారు. 1961 నాటి ఐక్యరాజ్యసమితి డ్రగ్స్ ఒప్పందం చాలా కఠినమైనదే, ఎన్‌డీపీఎస్ చట్టానికి మూలాల్లో అదొకటి, అందులో కూడా అలవాటు పడినోళ్ళకి చికిత్స, మళ్ళీ సమాజంలో కలిసేలా సాయం చేయాలని ఆర్టికల్ 38 ఉంది. 1979లో మన దేశం చేరిన పౌర, రాజకీయ హక్కుల ఒప్పందం ఆర్టికల్ 7 ఎవరినీ హింసించకూడదు, అమానుషంగా చూడకూడదు అంటుంది, అందులో తాగుబోతుకి వేరు గంజాయి తాగేవాడికి వేరు అని ఏం లేదు. 2012లో ఐక్యరాజ్యసమితికి చెందిన 12 సంస్థలు కలిసి, డ్రగ్స్ పేరు మీద బలవంతంగా నిర్బంధించే సెంటర్లు మూసేయాలని ప్రకటన ఇచ్చాయి. హింసకి వ్యతిరేకంగా ఉన్న ఒప్పందం మీద మాత్రం మన దేశం 1997లో సంతకం పెట్టి ఇప్పటికీ ఆమోదించలేదు, అది నాకు చాలా బాధగా ఉంటుంది, ఆ పిల్లోడి చీలమండ గుర్తొచ్చినప్పుడల్లా.

ఇక జిల్లా ఆస్పత్రి ఓపీ. క్యూ పెద్దది, కుర్చీలు చాలవు, ఉన్నది ఒక్క సైకియాట్రిస్ట్, కొన్నిసార్లు ఒక గోలీ స్టాక్ ఉండదు బయట కొనుక్కోవాలి, ఆ 1 స్టార్ అందుకే తగ్గించా. కానీ డాక్టరమ్మ మొట్టమొదట చేసిన పని మమ్మల్ని బయట కూర్చోమని తమ్ముడితో ఒక్కడితోనే మాట్లాడటం. నీకేం కావాలి అని అడిగారట, నిద్ర కావాలి మేడమ్ అన్నాడట, వాడిని అట్లా అడిగింది ఈ మొత్తం కథలో ఆమె ఒక్కరే. గోలీ పేరు, ఎందుకు వేసుకోవాలి, ఏ వారం ఎంత తగ్గించాలి అన్నీ చీటీ మీద రాసి వాడి చేతికే ఇచ్చారు. కౌన్సిలర్ బాపుని కూడా కూర్చోబెట్టి మాట్లాడారు. మధ్యలో వాడు ఒకసారి మళ్ళీ తాగాడు, బాపు చెయ్యెత్తబోతే డాక్టరమ్మ "అయ్యా, వచ్చి చెప్పాడు కదా, అదే ముఖ్యం" అని తర్వాతి ఓపీ ముందుకి జరిపారు. ఇప్పుడు వాడు మా మేనమామ మొబైల్ షాపులో కూర్చుంటున్నాడు, నిద్ర పడుతుంది, పూర్తిగా మానేశాడని నేను రాయను, వెళ్తున్నాడు అంతే, అయినా వాడు తనంతట తానే వెళ్తున్నాడు.

హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ, విశాఖలో అయితే చినవాల్తేరు మానసిక ఆస్పత్రి ఉన్నాయి. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మానసిక సమస్యలకి టెలిమానస్ 14416, రెండూ ఫ్రీ. ఓపీకి పొద్దున్నే వెళ్ళండి, ఆధార్ కాపీ పెట్టుకోండి, ఇంట్లో దొరికిన పాత గోలీల స్ట్రిప్పులు పారేయకుండా తీసుకెళ్ళండి, ఏం వాడుతున్నాడో డాక్టర్‌కి వాటిని చూస్తేనే తెలుస్తుంది.