నొప్పికి ధ్యానం: పనిచేసేది సాధనా, నమ్మకమా?

"ధ్యానంతో నొప్పి తగ్గిందా? తగ్గుతుందని నమ్మారు కాబట్టి తగ్గిందిలే" అంటుంటారు. ఆ మాటను కొట్టిపారేయలేం. ఉత్తుత్తి మందుతోనూ, అంటే ప్లాసిబోతోనూ, నొప్పి నిజంగానే తగ్గుతుంది. నమ్మకం ఇచ్చేదానికి మించి సాధన ఏమైనా ఇస్తుందా అన్నదే తేలాలి.

2015లో పరిశోధకుడు ఫదేల్ జైదాన్ బృందం సరిగ్గా ఈ పోలికే చేసింది. ఆరోగ్యంగా ఉన్న 75 మందికి పిక్క మీద 49 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలించి, నొప్పి ఎంత తీవ్రంగా ఉంది, అది ఎంత బాధపెడుతోంది అని విడివిడిగా అడిగారు. ఒక జట్టుకు నాలుగు రోజులు, రోజుకు 20 నిమిషాలు మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఊపిరి మీద మనసు నిలిపి, లేచే ఆలోచనలను ఊరికే గమనించే ధ్యానం, నేర్పారు. రెండో జట్టుకు నొప్పి మందని చెప్పి వట్టి పెట్రోలియం జెల్లీ రాశారు. చెప్పకుండా వేడి తగ్గిస్తూ మందు మీద గురి కుదిర్చారు కూడా. మూడో జట్టుకు ఇదే ధ్యానమని చెప్పి, కళ్లు మూసుకుని రెండు మూడు నిమిషాలకోసారి గాఢంగా ఊపిరి తీయమన్నారు. నాలుగో జట్టు ఊరికే పుస్తకం వింది.

తీవ్రత అసలు ధ్యానంతో 27 శాతం, పూతతో 11, ఉత్తుత్తి ధ్యానంతో 9 శాతం తగ్గింది. బాధ వరుసగా 44, 13, 24 శాతం తగ్గింది. ఆ 24ను చిన్నచూపు చూడకూడదు. కాసేపటి నొప్పికి నెమ్మదిగా ఊపిరి తీయడం కూడా కొంత సాయపడవచ్చు.

దారులూ వేరే. 1978లో పన్ను పీకించుకున్నవారి మీద జరిగిన అధ్యయనంలో, నొప్పి తగ్గించేందుకు ఒంట్లో సహజంగా పుట్టే ఓపియాయిడ్లను అడ్డుకునే నలోక్సోన్ అనే మందు ఇస్తే ప్లాసిబో ఉపశమనం పోయింది. 2016లో ధ్యానం నేర్చినవారికి అదే మందు ఇస్తే ఉపశమనం చెక్కుచెదరలేదు. అందుకే సాధనలో నమ్మకానికి మించినదేదో ఉందనే నా నిర్ణయం.

అయితే ఈ ధ్యానం లెక్కలన్నీ ఆరోగ్యవంతులకు కాసేపు పెట్టిన వేడివే. ఏళ్ల తరబడి నడుం నొప్పి ఉన్నవారి సంగతి వేరు. 2016లో 342 మందితో జరిగిన పరీక్షలో 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ తీసుకున్నవారిలో, 26 వారాలకు దాదాపు 44 శాతం మందికి నొప్పి వేధింపు చెప్పుకోదగ్గంత తగ్గింది. మామూలు వైద్యంతో 27 శాతం మందికి. ఆలోచనా తీరును మార్చే సీబీటీ చికిత్స కూడా ధ్యానంతో సమానంగా నిలిచింది. ఏ చికిత్స అందుతోందో అక్కడ పాల్గొన్నవారికి తెలుసు, కాబట్టి నమ్మకం వాటా ఎంతో విడదీయలేం.

ఆ నమ్మకమే ఒక్కోసారి సాధనను చెడగొడుతుంది. నొప్పి పోవాలని కూర్చున్నవారు నిమిషానికోసారి "తగ్గిందా?" అని తడిమి చూసుకుంటారు. తగ్గలేదనగానే ఒళ్లు బిగుస్తుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, నొప్పి ఇంకా ఎక్కువనిపిస్తుంది.

అలా కాకుండా, ముక్కు కొస దగ్గర ఊపిరి తగిలేచోట మనసు నిలపండి. నొప్పి లాగితే దాని దగ్గరికే వెళ్లి చూడండి: మంటా, పోటా, లాగుడా? అంచు ఎక్కడ? ఒకేలా ఉందా, వచ్చిపోతోందా? "ఇక భరించలేను" అన్న మాట లేస్తే అది ఆలోచన అని గుర్తించి, మళ్లీ ఊపిరి దగ్గరికి రండి. 20 నిమిషాల సాధనకు ముందొకసారి, తర్వాతొకసారి తీవ్రతకూ బాధకూ వేర్వేరుగా 0 నుంచి 10 లోపు అంకె వేయండి, మధ్యలో వద్దు. రెండు వారాల తర్వాత తీవ్రత అంకె కదలకుండా బాధ అంకె దిగితే, విఫలమైందని మానేయకండి. సాధన ఎక్కువగా తగ్గించేది ఆ బాధనే.