యూవీ సమీక్ష: ముడి ఎక్కడ పడిందో చెప్పే రిజాల్వర్

పైథాన్ ప్యాకేజీలను (ఇతరులు రాసిపెట్టిన కోడ్ కట్టలను) వెతికి తెచ్చి ఇన్‌స్టాల్ చేయడం కోసం ఆస్ట్రల్ సంస్థ రస్ట్ భాషలో రాసి 2024 ఫిబ్రవరిలో విడుదల చేసిన యూవీ గురించి ఎవర్ని అడిగినా ముందు వేగం మాటే ఎత్తుతారు. వేగం నిజమే. కానీ పైథాన్‌తో వచ్చే మామూలు ఇన్‌స్టాలర్ పిప్‌ను వదిలి దీనికి మారమని నేను చెప్పేది దాని ఎర్రర్ మెసేజీల కోసం.

పిప్‌లో 20.3 వెర్షన్ రాకముందు, అంటే 2020 చివరి దాకా, ఒక ప్యాకేజీకి ఏ వెర్షన్ కావాలన్న షరతుల్లో ముందు ఏది కనబడితే దాన్నే పట్టుకుని పోయేది, తర్వాత వచ్చే షరతులతో పొసగకపోయినా సరే. ఆ తర్వాత వచ్చిన రిజాల్వర్ (అన్ని షరతులకూ పొసిగే వెర్షన్లు వెతికే భాగం) గొడవ తగిలినప్పుడల్లా ఒక్కో వెర్షన్ వెనక్కి నడిచి మళ్లీ ప్రయత్నిస్తుంది. యూవీ వాడేది పబ్‌గ్రబ్ అనే పద్ధతి. డార్ట్ భాష ప్యాకేజీ మేనేజర్ కోసం పుట్టింది ఇది. గొడవ తగలగానే దానికి కారణం ఒక నియమంగా రాసిపెట్టుకుంటుంది, మళ్లీ అదే గోతిలో దిగదు. చివరికి దారి దొరక్కపోతే ఆ నియమాలనే వరసగా మన ముందు పెడుతుంది.

పట్టికల డేటాకు వాడే పాండాస్ 2.1.4 కావాలి, అది ఆధారపడే లెక్కల ప్యాకేజీ నంపై 2 లేదా ఆపైది కావాలి అని అడిగి చూడండి. ‘పాండాస్ 2.1.4కి నంపై 2 కంటే తక్కువ ఉండాలి, మీ ప్రాజెక్టుకేమో 2 ఆపైన కావాలి, కాబట్టి ఇవి కుదరవు’ అన్న అర్థంలో జవాబొస్తుంది. ఏ లైను మార్చాలో అందులోనే తెలిసిపోతుంది: పాండాస్‌ను నంపై 2తో పొసిగే 2.2.2కి పెంచాలి.

ఇదే జంటతో రిజాల్వర్ చేతకానితనమూ చూడొచ్చు. పైథాన్ 3.11లో పాండాస్ 2.1 కంటే తక్కువ, నంపై 2 ఆపైన అని రాస్తే యూవీ కిక్కురుమనకుండా పాండాస్ 2.0.3 వేసేస్తుంది. ఎందుకంటే ఆ పాత వెర్షన్ మెటాడేటాలో (షరతులు ప్రకటించే వివరాల్లో) నంపైకి పై హద్దే లేదు. ఇంపోర్ట్ చేయగానే నంపై డీటైప్ (డేటా రకం) సైజు మారిందనీ, 96 ఉండాల్సిన చోట 88 వచ్చిందనీ ఎర్రర్ పడుతుంది. రిజాల్వర్‌కు తెలిసేది ప్యాకేజీ రాసినవాళ్లు ప్రకటించిన షరతులే, లోపలి బైనరీ (కంపైల్ చేసిన కోడ్) సంగతి దానికి తెలియదు. అందుకే మీరు నేరుగా వాడే ప్రతి ప్యాకేజీకీ కింది హద్దు రాయండి. అది లేకపోతే ఏ రిజాల్వరైనా హద్దులు రాయని పాత వెర్షన్లకు జారిపోవచ్చు.

ఎంచుకున్న వెర్షన్లన్నీ రాసిపెట్టే లాక్‌ఫైలు దీని రెండో బలం. ‘యూవీ లాక్’ కొడితే లినక్స్, మ్యాక్, విండోస్ మూడింటికీ పనికొచ్చే ఒకే ఫైలు తయారవుతుంది. చాలామంది తికమకపడేది కూడా ఇక్కడే. మీ మెషీన్‌లో పైథాన్ 3.12 ఉన్నా, ప్రాజెక్టు ఫైలులో 3.9 ఆపైన అని రాసి ఉంటే యూవీ 3.9కి కూడా కుదిరేలా వెతుకుతుంది. నంపై 2.1కి కనీసం 3.10 కావాలి. అందుకని హద్దేమీ పెట్టకపోతే లాక్‌ఫైలులో నంపై ఒకటికంటే ఎక్కువసార్లు కనబడుతుంది: పైథాన్ 3.9కి 2.0.2, ఆపై వాటికి కొత్తవి. నంపై 2.1 ఆపైన కావాలని పట్టుబడితే మాత్రం కుదరదంటుంది. 3.9 అవసరం లేకపోతే ప్రాజెక్టు ఫైలులో పైథాన్ కనీస వెర్షన్ పెంచండి, సమస్య తీరుతుంది.

ఒకసారి లాక్ అయ్యాక వెర్షన్లు వాటంతట అవి పెరగవు. ఒక్కటే పెంచాలంటే అప్‌గ్రేడ్ ప్యాకేజీ ఆప్షన్ ఇచ్చి దాని పేరు రాయాలి. బిల్డ్ సర్వర్‌లో, లాక్ ప్రకారం ప్యాకేజీలు వేసే ‘యూవీ సింక్’కి లాక్డ్ ఆప్షన్ పెట్టండి, ఫ్రోజెన్ వద్దు. ప్రాజెక్టు ఫైలు మారి లాక్ పాతబడితే లాక్డ్ అక్కడే ఆపేస్తుంది. ఫ్రోజెన్ అసలు సరిచూడదు, పాత లాక్‌తోనే పని కానిచ్చేస్తుంది. ఏదో ప్యాకేజీ ఎవరి వెంట వచ్చిందో తెలియాలంటే ‘యూవీ ట్రీ’కి ఇన్వర్ట్ ఆప్షన్ కలిపి దాని పేరివ్వండి.

ప్రైవేటు ఇండెక్స్ (సొంత ప్యాకేజీలు ఉంచుకునే సర్వర్) వాడే జట్లు ఒకటి గమనించాలి. పిప్ అన్ని ఇండెక్సులూ కలిపి చూసి పెద్ద వెర్షన్ తీసుకుంటుంది. మీ సొంత ప్యాకేజీ పేరుతోనే ఎవరైనా అందరికీ తెరిచి ఉండే ఇండెక్స్ పైపీఐలో దొంగ ప్యాకేజీ పెట్టి మోసం చేయడానికి ఇది సందు ఇస్తుంది. యూవీ ఆ పేరు మొదట దొరికిన ఇండెక్స్ దగ్గరే ఆగుతుంది. ఈ కట్టుబాటు మంచిదే. మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ పైటార్చ్ సొంత ఇండెక్స్‌తో మాత్రం ఇది చిక్కు తెస్తుంది: అక్కడ వేరే సాధారణ ప్యాకేజీల పాత వెర్షన్లూ ఉంటాయి, యూవీ వాటి దగ్గరే ఆగి కొత్తది దొరకలేదంటుంది. ఆ ఇండెక్స్‌ను ఎక్స్‌ప్లిసిట్‌గా (పేరు చెప్పిన ప్యాకేజీలకే వాడేలా) గుర్తుపెట్టి, టార్చ్ ప్యాకేజీలకు మాత్రమే దాన్ని సోర్స్‌గా రాయండి. పిప్ లాగే అన్ని ఇండెక్సులూ చూసే అన్‌సేఫ్ బెస్ట్ మ్యాచ్ ఆప్షన్ పెట్టి గట్టెక్కడం తేలికే గానీ, ఆ పేరులోనే ప్రమాదం రాసి ఉంది.

చిన్న చిరాకులున్నాయి. యూవీ చేసే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (ఒక ప్రాజెక్టు ప్యాకేజీలు విడిగా ఉండే ఫోల్డర్‌లో) పిప్ ఉండదు, కావాలంటే సీడ్ ఆప్షన్ ఇవ్వాలి. దించిన ప్యాకేజీలు దాచే క్యాష్, ప్రాజెక్టు వేర్వేరు డిస్కుల మీద ఉంటే హార్డ్‌లింక్ (అదే ఫైలును రెండో చోట చూపించడం) కుదరక ఫైళ్లు కాపీ చేస్తుంది, హెచ్చరికా వస్తుంది. పైథాన్ నడిపే బైట్‌కోడ్ ముందే తయారు చేయదు కాబట్టి డాకర్ ఇమేజ్‌లో మొదటిసారి ప్రోగ్రామ్ లేవడానికి ఆలస్యమవుతుంది. కంపైల్ బైట్‌కోడ్ ఆప్షన్ పెడితే సరి.

జీడాల్ లాంటి, పైథాన్‌కు బయటి సిస్టమ్ లైబ్రరీలు కావాల్సిన మ్యాపింగ్ పనులకు యూవీ సరిపోదు, వాటికి అలాంటి లైబ్రరీలను కూడా తెచ్చే కోండానే పెట్టుకోండి. మిగతా పైథాన్ ప్రాజెక్టులకు, ముఖ్యంగా ముగ్గురు నలుగురు వేర్వేరు మెషీన్ల మీద పనిచేసే చోట, ఈ రోజు నేను సిఫారసు చేసేది యూవీనే.