‘అందరికీ సమానంగా నెట్’ అని అమ్మే రౌటర్లతో జాగ్రత్త

ఇంట్లో ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్, సీసీ కెమెరాలు అన్నిటికీ నెట్ సరిగ్గా పంచుతుందని చెప్పి అమ్ముతున్న రౌటర్ల గురించి ఈ పోస్టు. ఇలాంటిది కొనాలనుకుంటుంటే డబ్బు కట్టే ముందు ఇది ఒక్కసారి చదవండి.

మాది లోకల్ కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ కనెక్షన్. డౌన్‌లోడ్ 150 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 30. స్పీడ్ టెస్ట్ చేస్తే అంకెలు బాగానే వస్తాయి. కానీ తమ్ముడు ఆఫీసు మీటింగ్‌లో ఉన్నప్పుడు ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలు బ్యాకప్ చేయడం మొదలుపెట్టిందా, అంతే సంగతులు. వాడి గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుందని అవతలివాళ్ల ఫిర్యాదు. షాపులో ఇదంతా వివరంగా చెప్పాం. ‘ఇది పెట్టండి సార్, స్మార్ట్ క్యూఓఎస్ ఉంది, ఎవరి వాటా వాళ్లకి వెళ్లిపోతుంది’ అని ఒక రౌటర్ చేతిలో పెట్టారు. క్యూఓఎస్ అంటే నెట్ పంపకాన్ని చూసుకునే సదుపాయం. అట్ట పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 1200 ఎంబీపీఎస్ అని ఉంది.

బిగించాక స్పీడ్ టెస్ట్ చేస్తే 94. కేబుల్ మార్చినా 94, పక్కన కూర్చుని చేసినా 94. రౌటర్ తిరగేసి చూస్తే అసలు సంగతి అడుగున స్టిక్కర్ మీద, బార్‌కోడ్ కింద చీమంత అక్షరాల్లో ఉంది: వ్యాన్ (WAN) పోర్టు 10/100. ఫైబర్ పెట్టె నుంచి నెట్ లోపలికి వచ్చే ఆ పోర్టే వందకు మించి పట్టదు. డేటాతో పాటు వెళ్లే అదనపు సమాచారం (ఓవర్‌హెడ్) పోను చేతికందేది 94 దాకానే. మరి పెట్టె మీది 1200 ఎక్కడిది? 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి 300, 5 గిగాహెర్ట్జ్‌కి 867, రెండూ కలిపి పైకి సవరించిన అంకె అది. గాలిలో సిద్ధాంతపరంగా వచ్చే వేగమే గానీ మన ఇంటికొచ్చే నెట్‌తో దానికి సంబంధం లేదు. 150 ప్లాన్‌కి డబ్బు కడుతున్న ఇంటికి ఈ పెట్టె అమ్మడం మోసం కాక మరేమిటి?

పంపకం సంగతి ఇంకా ఘోరం. సెట్టింగ్స్‌లో ఆ స్మార్ట్ క్యూఓఎస్ తెరిస్తే ప్రతి పరికరం పేరు పక్కన రెండు ఖాళీ గడులు. డౌన్‌లోడ్‌కి ఎంత, అప్‌లోడ్‌కి ఎంత అన్నది మనమే రాయాలి. టీవీకి 20 అని రాస్తే అర్ధరాత్రి ఇంట్లో ఇంకెవరూ నెట్ వాడకపోయినా దానికి 20 మాత్రమే. ఇది కంచె వేయడమే గానీ పంచడం కాదు. పైగా బ్యాకప్ చేసే ఫోను అప్‌లోడ్ మొత్తాన్ని నింపేస్తే మీటింగ్ పడిపోవడం కొత్త రౌటర్‌తోనూ ఆగలేదు.

ఎందుకంటే జబ్బు స్పీడ్‌ది కాదు, క్యూది. అప్‌లోడ్ నిండిపోగానే మోడెమ్ (ఆ ఫైబర్ పెట్టె) దగ్గర ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, బారులు తీరతాయి. మీటింగ్‌లో మాట మోసుకెళ్లే చిన్న ప్యాకెట్, రైల్వే గేటు దగ్గర ఇసుక లారీల వెనక చిక్కుకున్న మోపెడ్‌లా నిలబడిపోతుంది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. మీ ఇంట్లో ఉందో లేదో పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో పింగ్ (ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే సమయం కొలిచే కమాండ్) పెట్టి, ఇంకో ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ నడపండి. పది, ఇరవై మిల్లీసెకన్ల దగ్గరున్న పింగ్ వందల్లోకి ఎగబాకితే జబ్బు ఇదే. షాపుకి వెళ్లే ముందే ఇది చేయండి.

దీనికి మందు ఉంది, అదీ కొత్తదేం కాదు. ఎఫ్‌క్యూ-కోడెల్ అనే పద్ధతి 2012 నుంచీ లినక్స్‌లో (చాలా రౌటర్ల లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌లో) ఉంది, కేక్ అనేది 2018లో చేరింది. ఒక్కో ప్రవాహాన్ని (ఒక కాల్, ఒక బ్యాకప్ లాంటివి) వేరే వరుసలో పెట్టి వంతులవారీగా వదులుతాయి కాబట్టి చిన్న ప్యాకెట్ పెద్దవాటి వెనక ఇరుక్కోదు. కేక్ అయితే పరికరాల మధ్య కూడా సమానంగా పంచగలదు. ఎవరూ వాడనప్పుడు ఉన్న నెట్ అంతా ఒక్కరికే ఇచ్చేస్తాయి. రౌటర్ సెట్టింగ్స్‌లో ఇది సాధారణంగా ఎస్‌క్యూఎం (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్) పేరుతో ఉంటుంది. అందులో స్పీడ్‌ని అసలు లైన్ కంటే కాస్త తక్కువగా, 85 నుంచి 95 శాతం మధ్య పెట్టాలి. అప్పుడే క్యూ మోడెమ్‌లో కాకుండా రౌటర్‌లో, దాని అదుపులో ఉంటుంది. కాబట్టి షాపువాళ్లని ‘క్యూఓఎస్ ఉందా?’ అని అడగొద్దు, అందరూ ఉందనే అంటారు. ‘ఎస్‌క్యూఎం ఉందా, ఎఫ్‌క్యూ-కోడెల్ గానీ కేక్ గానీ ఉందా?’ అని అడగండి.

ఇంకో మెలిక కూడా ఉంది. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులున్న రౌటర్లలో కూడా చాలావాటికి ఎస్‌క్యూఎం ఆన్ చేయగానే వేగం పడిపోతుంది. మామూలుగా ప్యాకెట్లని చిప్‌లోని ప్రత్యేక భాగం చకచకా దాటిస్తుంది. క్యూ లెక్క చూడాలంటే ఆ పని ప్రాసెసర్ మీద పడుతుంది. చవక ప్రాసెసర్ అయితే అక్కడే చతికిలపడుతుంది. కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు ఓపెన్‌వర్ట్ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చులే అనుకునేవాళ్లు స్టిక్కర్ మీద హార్డ్‌వేర్ వెర్షన్ కూడా చూడండి. ఒకే మోడల్ పేరుతో వెర్షన్ 1లో ఒక చిప్, వెర్షన్ 2లో ఇంకో చిప్ ఉండొచ్చు. ఒకదానికి పనిచేసిన సాఫ్ట్‌వేర్ రెండోదానికి ఎక్కకపోవచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే ఏ వెర్షన్ వస్తుందో తెలియదు, ఈ విషయంలో షాపే నయం.

ఇవేవీ కొనకముందు బ్యాకప్‌ని రాత్రికి మార్చండి, కెమెరాల క్వాలిటీ ఒక మెట్టు దించండి, టీవీకి కేబుల్ వేయండి. సగం టెన్షన్ దీంతోనే పోవచ్చు.

రౌటర్ వెనక్కి ఇవ్వబోతే ‘బాక్స్ ఓపెన్ చేశారు కదా’ అని తిప్పి పంపారు. బిల్లు కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అనే ముద్ర చూపించారు. ఆ ముద్ర చూసి వెనక్కి తగ్గకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, అమ్మేవాళ్లు చెప్పిన ప్రమాణానికి వస్తువు తగ్గినా లోపం కిందే లెక్క. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. నేను 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. బిల్లు, అడుగు స్టిక్కర్ ఫొటో, 94 చూపిస్తున్న స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్లు దాచిపెట్టాను. మీరు కూడా కొన్న రోజే ఈ మూడూ తీసి పెట్టుకోండి, పెట్టె మీద ఏమేం రాశారో కనిపించేలా ఇంకో ఫొటో కూడా.