తొమ్మిది వారాలు ఆగి రాస్తున్నా: నా కనుబొమ్మల పర్మనెంట్ మేకప్ రివ్యూ

చేయించుకున్న రోజే రివ్యూ పెట్టమని రిసెప్షన్‌లో అమ్మాయి అడిగింది. పెట్టలేదు. ఆ రోజు ఏం రాసినా నిజమయ్యేది కాదు, ఎందుకంటే సూదితో చర్మంలోకి ఎక్కించే ఈ పర్మనెంట్ మేకప్ అసలు రంగు ఆ రోజు కనపడదు, నాలుగు నుంచి ఆరు వారాలు గడిస్తే గానీ తేలదు. ఇన్‌స్టాలో మనం చూసి మురిసిపోయే ఫొటోలు చాలావరకు కుర్చీలోంచి లేవగానే తీసినవే. మీరు ఎక్కడ చేయించుకున్నా సరే, మానాక తీసిన ఫొటోలు చూపించమని అడగండి. చూపించకపోతే వచ్చేయండి.

నాకు నలభై మూడేళ్లు. థైరాయిడ్ వచ్చాక రెండు కనుబొమ్మలూ చివరి వైపు మూడో వంతు రాలిపోయాయి. థైరాయిడ్ తక్కువ ఉన్నవాళ్లకి ఇలా జరుగుతుంటుందని డాక్టర్ చెప్పారు, మందులు వాడాక కొంత వచ్చింది, మిగతాది రాలేదు. రోజూ పొద్దున పెన్సిల్‌తో గీసుకుని బయల్దేరితే ఎండాకాలంలో మియాపూర్ మెట్రో మెట్లు ఎక్కేలోపే సగం కర్చీఫ్‌కి అంటుకునేది. చదివేవాళ్లకి ఇది చిన్న విషయంలా అనిపించొచ్చు, కానీ ఎదుటి మనిషి మాట్లాడుతూ మన కళ్ల పైకి చూసిన ప్రతిసారీ చెయ్యి నుదుటి మీదకి పోతుంటే, ఆ ఇబ్బంది పడ్డవాళ్లకే తెలుస్తుంది.

అయినా రెండేళ్లు వెనకాడాను, కారణం మా అక్క. నాలుగేళ్ల క్రితం త్రెడ్డింగ్‌కి వెళ్లిన ఒక పార్లర్‌లో, అదే కుర్చీలో, నలభై నిమిషాల్లో, "నొప్పి ఉండదు, జీవితాంతం ఉంటుంది" అని చెప్పి నాలుగు వేలకి చేసేశారు. ఇప్పుడు అక్క కనుబొమ్మలు నీలం కలిసిన బూడిద రంగులో ఉన్నాయి. ఫంక్షన్లకి వెళ్తే ముందు వాటి మీద కన్సీలర్ వేసి, దాని మీద మళ్లీ పెన్సిల్ గీసుకుంటుంది.

ఎందుకలా అవుతుందో అర్థం కావాలంటే మా అమ్మమ్మ ముంజేతి మీది పచ్చబొట్టు గుర్తు చేసుకుంటే చాలు. పొడిచింది నల్లటి మసితోనే, కనిపించేది మాత్రం పచ్చగా. నలుపు చర్మం లోపలికి దిగిపోతే పైనుంచి చూసే కంటికి నీలంగానో పచ్చగానో కనిపిస్తుంది. పర్మనెంట్ మేకప్ కూడా పచ్చబొట్టే, పేరు ఏం పెట్టినా సరే. తేడా అల్లా సూది తక్కువ లోతుకి, రెండో పొర పైభాగం దాకా మాత్రమే వెళ్లాలి, వాడే రంగుల్లో ఎక్కువగా ఐరన్ ఆక్సైడ్లు ఉంటాయి, అవి మెల్లగా వెలిసిపోతాయి. సరిగ్గా చేస్తే ఏడాది నుంచి మూడేళ్లు ఉంటుంది, తర్వాత మళ్లీ వేయించుకోవాలి. జీవితాంతం ఉంటుందని ఎవరైనా గొప్పగా చెబితే భయపడాల్సింది అక్కడే. వయసుతో ముఖం మారుతుంది, గీత మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఇక నేను వెళ్లిన చోటు. హిమాయత్‌నగర్‌లో రెండో అంతస్తులో చిన్న స్టూడియో, చేసేది ఒక్కావిడే. మొదటి రోజు సూది ముట్టుకోలేదు, అరగంట ప్రశ్నలే. షుగర్ ఉందా, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారా, దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బుతుందా, మొటిమలకి ఐసోట్రెటినోయిన్ వాడారా, థైరాయిడ్ రిపోర్ట్ ఏది. గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా చేయనని బోర్డు మీద తెలుగులోనే రాసిపెట్టింది.

నేను మైక్రోబ్లేడింగ్ కావాలని ఫొటో తీసుకెళ్లాను, అంటే చేత్తో పట్టే సన్నటి బ్లేడుతో వెంట్రుక వెంట్రుకగా గీసినట్టు చేసేది. ఆవిడ ఒక టిష్యూ తీసుకుని నా నుదుటి మీద అద్ది, వెలుతురులో పట్టి చూపించింది. నూనె మరక. "మేడమ్, మీ చర్మానికి ఆ గీతలు నాలుగు నెలల్లో అలుక్కుపోతాయి, మెషీన్‌తో పౌడర్ బ్రోస్ చేద్దాం" అంది, అంటే గీతలు కాకుండా పౌడర్ అద్దినట్టు రంగు నింపడం. నేను అడిగిందే చేసి డబ్బులు తీసుకోవచ్చు, కానీ అలా చేయలేదు. నాకు నమ్మకం కుదిరింది ఆ టిష్యూ దగ్గరే. చెవి వెనక కొంచెం రంగు పెట్టి, ఎలర్జీ వస్తుందేమో చూసుకుని రెండు రోజుల తర్వాత ఫోన్ చేయమంది.

చేసిన రోజు మొత్తం మూడు గంటలు పట్టింది, అందులో గంటకు పైగా కొలతలకే. రంగు పూసిన దారాన్ని రెండు చేతుల మధ్య బిగించి నుదుటి మీద అద్దుతుంటే, మన ముగ్గుకి చుక్కల వరసలు పెట్టుకున్నట్టు గీతలు పడతాయి. పడుకోబెట్టి కాదు, కూర్చోబెట్టి గీసింది, నవ్వమంది, కనుబొమ్మలు ఎగరెయ్యమంది. నా కుడివైపుది కొంచెం పైకి ఉంటుందని ఇన్నేళ్లలో నాకే తెలియదు. రెండుసార్లు చెరిపించాను, మూడోసారి అద్దంలో చూసుకుని సరే అన్నాక మొదలుపెట్టింది. సూది ప్యాకెట్ నా ముందే చించింది, తేదీ కూడా చూపించింది. ఇందులో మొహమాటపడకండి, వాడిన సూదితో హెపటైటిస్ బి, సి లాంటివి అంటుకుంటాయి. మత్తు క్రీమ్ రాసి అరగంట ఆగినా చివర్ల దగ్గర చురుక్కుమంది. ఓర్చుకోగలిగేదే, కానీ "అస్సలు నొప్పి ఉండదు" అనేది మాత్రం నిజం కాదు.

తర్వాతి రెండు వారాల గురించే ఎక్కువ చెప్పాలి, అందరూ కంగారుపడేది అప్పుడే. రెండో రోజుకి కాటుకతో దిద్దినంత నల్లగా అయ్యాయి, మా అత్తయ్యగారు ఏమీ అనలేదు గానీ రెండుసార్లు తేరిపార చూశారు. ఐదో రోజు నుంచి పొట్టు రాలడం మొదలైంది, దిండు మీద గోధుమరంగు నలుసులు. దురద భరించలేనంత, కానీ గోకకూడదు, పీకకూడదు, పొట్టుతో పాటు రంగూ ఊడి వస్తుంది. పది రోజులు తలస్నానం మెడ వెనక్కి వాల్చి చేశాను, పసుపు, ఫేస్‌వాష్, వంటింటి ఆవిరి అన్నీ దూరం పెట్టాను. పదో రోజు అద్దంలో చూస్తే దాదాపు ఏమీ లేదు! డబ్బులు పోయాయని టెన్షన్‌తో ఆవిడకి మెసేజ్ పెడితే, పైన కొత్త చర్మం వచ్చి కప్పేసింది, ఇంకో మూడు వారాలు ఓపిక పట్టమంది. నిజంగానే నాలుగో వారం దాటాక లోపలి నుంచి రంగు తేలింది, మెత్తటి గోధుమ రంగు, పెట్టుకున్నట్టు కాకుండా ఉన్నట్టే. ఎడమవైపు చివర మాత్రం గింజంత ఖాళీ మిగిలింది, దాన్ని ఏడో వారం టచప్‌లో పూడ్చింది. టచప్ అంటే అదనంగా చేయించుకునేది కాదు, పనిలో రెండో సగం. మొదటి ధరలోనే ఉందో లేదో ముందే అడగండి.

అందుకే పెళ్లి ఉందని రెండు వారాల ముందు వెళ్లకండి, కనీసం రెండు నెలలు పెట్టుకోండి. రక్తదానం చేసేవాళ్లయితే ఏడాది ఆగాలి, పచ్చబొట్టుకి ఉన్న నియమమే దీనికీ. ఎమ్మారై తీయించుకోవాల్సి వస్తే ముందే చెప్పండి, రంగులో ఇనుము ఉంటుంది కాబట్టి అరుదుగా మంట అనిపించవచ్చట. ఎండ, రెటినాల్ క్రీములు రంగుని త్వరగా తినేస్తాయి.

నచ్చనివి కూడా ఉన్నాయి. పదిన్నరకి రమ్మని పదకొండుంపావుకి పిలిచారు. పద్నాలుగు వేలు అని చెప్పి జీఎస్టీ వేరని బిల్లు దగ్గర చెప్పారు. పార్కింగ్ లేదు, నారాయణగూడ మెట్రోలో దిగి ఆటోలో వెళ్లడం నయం. అన్నిటికన్నా బాధనిపించింది, మానేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తల కాగితం ఇంగ్లీషులో మాత్రమే ఉండటం. బోర్డు తెలుగులో రాసిన మనిషి, ఇంటికి తీసుకెళ్లే కాగితం తెలుగులో, ఉర్దూలో ఎందుకు ఇవ్వదు? ఆ కాగితం మీదే ఫలితం ఆధారపడి ఉంది. అదే మాట ఆవిడకి చెప్పాను, రాయిస్తానంది.

టచప్‌కి వెళ్లినప్పుడు అక్కని కూడా తీసుకెళ్లాను. స్టూడియో ఆవిడ మా అక్క కనుబొమ్మల్ని లైట్ కింద చాలాసేపు చూసి, "దీని మీద నేను వేయను అక్కా, వేస్తే ఇంకా మురికిగా అవుతుంది, ముందు స్కిన్ డాక్టర్ దగ్గర లేజర్ చేయించుకోండి" అంది. కొన్ని రంగులు లేజర్ తగిలితే ఇంకా నల్లబడతాయి కాబట్టి ముందు ఒక చిన్న చోట చేసి చూడమని అడగండి అని కూడా చెప్పింది. కన్సల్టేషన్‌కి డబ్బులు తీసుకోలేదు. డాక్టర్ కనుబొమ్మ చివర చిన్న చుక్క మీద చేసి చూశారు, నల్లబడలేదు. అక్కకి మొదటి సిట్టింగ్ పోయిన గురువారం అయింది, రెండోది ఇంకో ఆరు వారాలకి.